వెనుకతలుపును మోయు ఉక్కు

పాతకాలపు స్టేషన్ వ్యాగనును కొని, దాని ఇంజనును బాగుచేయించి, క్రొత్త రంగు వేయించి, సీట్లకు క్రొత్త తోలు తొడిగించినవారు సైతము తఱచుగా ఉపేక్షించు భాగమొకటి కలదు. అది వెనుకతలుపును పైకెత్తి నిలుపు స్ప్రింగుల జత. తలుపు చక్కగా లేచినంతకాలము వానిని గూర్చి యెవ్వరును తలంపరు. అది సగము లేచి జారుట మొదలిడిన పిమ్మట ఒక ఊతకఱ్ఱను నిలిపి కాలము గడుపుదురు. ఆ కఱ్ఱ తొలగినచో, సామాను దింపుటకై లోనికి వంగిన మనుష్యుని మెడపై ఇరువది కిలోల ఇనుమును గాజును పడును గనుక, ఈ చిన్న మరమ్మతు రంగుకంటెను తోలుకంటెను ముందు చేయవలసినదని నా దృఢాభిప్రాయము.

రైల్వేస్టేషనునుండి ప్రయాణికులను సామానుతో సహా ఇండ్లకును హోటళ్లకును చేర్చుటకై అమెరికాలో పుట్టిన ఈ వాహనజాతికి తొలుత కొయ్యశరీరము ఉండెడిది. 1929లో ఫోర్డు కంపెనీ తన మోడల్ ఏ కారునకు అట్టి శరీరమును కట్టి పెద్దయెత్తున అమ్మెను. 1946లో బ్రూక్స్ స్టీవెన్స్ రూపకల్పన చేసిన విల్లీస్ జీపు వ్యాగను ఉక్కుశరీరముతో వెలువడెను. అయినను వెనుకతలుపు ఏ దిక్కునకు తెఱచుకొనవలెనను విషయమున నిర్మాతలు చాలకాలము ఒక నిశ్చయమునకు రాలేదు. స్వీడనుదేశపు వోల్వో కంపెనీ బండ్లను వరుసగా చూచినను ఈ సంగతి తెలియును: 1953 నాటి డ్యూయెట్‌కు ఇరుప్రక్కలకు తెఱచుకొను రెండు తలుపులు, 1962 నాటి అమెజాన్ ఎస్టేటునకు పైసగము పైకి, క్రిందిసగము క్రిందికి తెఱచుకొను అడ్డుగా చీలిన తలుపు, 1967లో వచ్చిన 145 నమూనాకు పైకప్పు అంచున బందులపై వ్రేలాడు ఏకఖండమైన తలుపు. ప్రక్కకు తెఱచు తలుపు బరువును బందులే భరించును. పైకెత్తు తలుపు బరువును మాత్రము, అది తెఱచియున్నంతసేపును, మఱియొక బలము మోయుచుండవలెను. ఏతపుమ్రాను తోకకు కట్టిన రాయి నీటిబానను తేలికపఱచునట్లు, ముందుగానే మెలిపెట్టి బంధించిన ఉక్కు ఈ తలుపును తేలికపఱచును.

ఆ ఉక్కుపై పడు భారమెంతయో ఒక లెక్కవేసి చూతము. తలుపు బరువు 20 కిలోలనియు, దాని గరిమనాభి బందునుండి అరమీటరు దూరమున నున్నదనియు అనుకొందము. తలుపు నేలకు సమాంతరముగా నిలిచినపుడు బందు చుట్టును త్రిప్పు బలము 10 కిలోగ్రాము–మీటర్లు. స్ప్రింగు బందునుండి మీటరు దూరమున పట్టుకొనినచో 10 కిలోల బలము చాలును. కాని తలుపునకును పైకప్పునకును నడుమనున్న యిఱుకుచోటిలో దానికి దొరకు దూరము పది సెంటీమీటర్లే గనుక, అది నూఱు కిలోల బలముతో లాగవలసియుండును. చేతివ్రేలితో ఎత్తినట్లు తోచు తలుపు వెనుక నింతటి శక్తి పొంచియున్నదని ఎఱుగక పానా పట్టినవాడు ప్రమాదమును కోరి తెచ్చుకొన్నట్లే.

ఇందు మఱియొక చిక్కు కలదు. నా దృష్టిలో ఈ యంత్రమునందలి సొగసంతయు నక్కడనే యున్నది. తలుపు మూసి నిట్టనిలువుగా వ్రేలాడునపుడు దాని బరువు బందును ఏమాత్రమును త్రిప్పజాలదు. పైకెత్తినకొలది ఆ త్రిప్పుడు పెరిగి, సమాంతరస్థితియందు గరిష్ఠమగును. స్ప్రింగు నడక దీనికి సరిగా విపర్యయము: తలుపు మూసినపుడు అది మిక్కిలి బిగిసియుండును, తెఱచినకొలది సడలిపోవును. స్ప్రింగు బలము దాని సాగుదలకు అనులోమమని రాబర్ట్ హుక్ 1678లోనే ప్రకటించియుండెను గదా! అనగా సాయము అక్కఱలేని వేళ సమృద్ధిగాను, అక్కఱయైన వేళ కొఱతగాను లభించుచున్నదన్నమాట. ఈ వైరుధ్యమును నిర్మాత స్ప్రింగు పట్టుకొను చోటును మార్చి పరిష్కరించును. తలుపు మూసినపుడు స్ప్రింగు లాగు రేఖ బందు ఇరుసునకు అతిసమీపమునుండి పోవునట్లు అమర్చినచో, ఎంత బలముగా లాగినను అది తలుపును కదల్పదు. కొన్ని బండ్లలో ఆ రేఖ ఇరుసునకు ఆవలివైపునకు దాటి, తలుపును మూసియే యుంచును. తలుపు లేచుచుండగా రేఖ ఇరుసునుండి దూరమగును, బలము తగ్గుచున్నను త్రిప్పుడు తగ్గదు. కావుననే బ్రాకెట్టు కొలది మిల్లీమీటర్లు ప్రక్కకు జరిగినను, బందు ఇరుసు అరిగి వదులైనను, మంచి స్ప్రింగుతో కూడ తలుపు జాఱిపోవును. స్ప్రింగును నిందించుటకు ముందు బందును చూడవలెననుట ఇందువలననే.

ఈ స్ప్రింగులు ముఖ్యముగా రెండు విధములు. చుట్టస్ప్రింగు అందఱును ఎఱిగినదే. రెండవది టార్షన్ కడ్డీ: ఒక కొన శరీరమునకు బిగించి, రెండవ కొనను బందు చేతికి తగిలించిన పొడవైన ఉక్కుకడ్డీ, తలుపు మూసినపుడు అది తన పొడవునను మెలిపడును. అనేక సెడాన్ కార్ల డిక్కీ మూతను ఎత్తి చూచినచో అట్టి కడ్డీలు అడ్డముగా కనబడును. రెంటికిని శత్రువు త్రుప్పే. పైకప్పు రబ్బరు బీడింగు పగిలిన చోట వాననీరు లోనికి దిగి, పైకప్పు లోపలి గుడ్డ వెనుక నెవ్వరికిని కనబడక, ఉక్కుపై చిన్న గుంటలు తినును. తీగ బిగువు దాని మందము యొక్క నాలుగవ ఘాతమును అనుసరించును గనుక, త్రుప్పు వలన మందము పదవవంతు తగ్గినచో బిగువు మూడవవంతునకు మించి తగ్గును. అంతకంటెను ఘోరమైనది ఆ గుంటల అడుగున పుట్టు సన్నని పగులు. తలుపు తెఱచి మూసిన ప్రతిసారియు అది కొంచెము లోతునకు ప్రాకి, యొకనాడు కడ్డీ ఫెళ్లున విఱుగును. జతలో ఒకటి విఱిగినపుడు రెండవది కూడ అన్ని యేండ్లే, అన్ని వానలే చూచినది గనుక, రెంటిని కలిపియే మార్చుట వివేకము.

మరమ్మతుకు పూనుకొనునపుడు తలుపును పూర్తిగా పైకెత్తవలెను. స్ప్రింగు మిక్కిలి సడలియుండు స్థితి యదియే. అప్పుడు తలుపు క్రింద రెండు వైపులను గట్టి కొయ్యలను నిలిపి, అవి జాఱకుండ కట్టివేసి, ఒక మనిషిని ప్రక్కన నిలుపుకొనవలెను. పైకప్పు గుడ్డను అంచునుండి మెల్లగా ఊడదీయవలెను. పాతగుడ్డ ఎండి పెళుసెక్కియుండును, తొందరపడినచో చినుగును. బోల్టులు విప్పుటకు ముందే బందు ఆకుల చుట్టును పెన్సిలుతో గీతలు గీసికొన్నచో, తిరిగి బిగించునపుడు తలుపు తన పూర్వస్థానమునకు వచ్చును. సడలిన స్థితియందు సైతము టార్షన్ కడ్డీలో కొంత మెలి మిగిలియుండును గావున, దాని కొనను గాడినుండి తప్పించుటకు పొడవైన ఇనుపగొట్టమును తొడిగి, ముఖమును ఆ కొన తిరుగు దారికి దూరముగా నుంచి, నెమ్మదిగా సడలనీయవలెను. కొన్ని బండ్లలో ఆ కొనకు రెండు మూడు గాళ్లుండును. అట్టి చోట కడ్డీని ఒక గాడి ముందునకు జరిపినంతనే సడలిన తలుపు మరల నిలుచును, క్రొత్త కడ్డీతో పనియే లేదు.

విఱిగిన స్ప్రింగును వెల్డింగుతో అతుకవచ్చునని కొందఱు మెకానిక్కులు ధైర్యము చెప్పుదురు. దానిని నే నంగీకరింపను. స్ప్రింగుకు బలమిచ్చునది ఆ ఉక్కునకు పెట్టిన పదును: ఎఱ్ఱగా కాల్చి, నూనెలో చల్లార్చి, మరల మితమైన వేడిలో ఉంచి సాధించినది. వెల్డింగు మంట తాకిన చోట ఆ పదును చెడును. అతుకు నిలిచినను దాని ప్రక్కనే విఱుగును. మెఱుగుకొఱకు ఆమ్లములో కడిగి నికెలు పూత పూయించుట కూడ అపాయకరమే, ఏలయన ఆ పనిలో ఉక్కులోనికి చొచ్చిన ఉదజని దానిని పెళుసు చేయును. మద్రాసులో స్టాండర్డు కంపెనీవారు ట్రయంఫ్ హెరాల్డు వంశమున తయారుచేసిన కంపానియన్ ఎస్టేటు వంటి అరుదైన బండ్లకు అసలు భాగములు దొరకుట దుర్లభము. అట్టి బండ్లు గలవారు పాత స్ప్రింగు తీగమందమును, చుట్ల సంఖ్యను, వ్యాసమును, కొక్కెముల దిశను కొలిచి వ్రాసికొని, విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల స్ప్రింగులు చుట్టు పనివారితో, ఇతర ఇనుముతో గాక స్ప్రింగు ఉక్కుతోనే చేయించుకొనుట మేలు.

ఇక గ్యాసు స్ప్రింగుల సంగతి. జర్మనీలోని స్టాబిలస్ కంపెనీ 1962లో వీనిని పెద్దయెత్తున తయారుచేయుట ప్రారంభించిన పిదప ఇవి క్రమముగా పాత ఉక్కుచుట్టల స్థానమును ఆక్రమించినవి. గొట్టములో అధికపీడనమున బంధించిన నత్రజని కడ్డీని వెలికి త్రోయును. కొంచెము నూనె దాని వేగమును అదుపుచేయుచు సీలును తడిపియుంచును. అందుచే తలుపు మూసియుండగా కడ్డీ క్రిందికి, గొట్టము పైకి ఉండునట్లు బిగింపవలెను; తలక్రిందైనచో సీలు ఎండి గ్యాసు కాఱును. వాయుపీడనము ఉష్ణోగ్రతను అనుసరించును గనుక, 40 డిగ్రీల యెండలో చక్కగా నిలిచిన తలుపు సున్న డిగ్రీల చలిలో ఎనిమిదవవంతు బలమును కోల్పోవును. దీని బలము న్యూటన్లలో గొట్టముపై అచ్చొత్తియుండును. క్రొత్తది కొనునపుడు ఆ అంకెనే చూడవలెను, "గట్టిది మంచిది" అని పెద్ద అంకెను కోరరాదు, పాతతలుపు రేకు వంగిపోవును. చెడిన గొట్టమును కోయుట గాని, నిప్పులో వేయుట గాని ఎన్నడును కూడదు.

ఉక్కుస్ప్రింగులను తీసివేసి గ్యాసువి అమర్చవచ్చునా అని పలువురు అడుగుదురు. పాత శరీరమున ఆ నూఱు కిలోల బలమును భరించుటకు నిర్మాత గట్టిపఱచినవి బందుల మూలములు మాత్రమే. ప్రక్కస్తంభమునందలి పలుచని రేకున క్రొత్త బ్రాకెట్టు బిగించినచో అది కాలక్రమమున చినుగును. వెనుక బిళ్ల వేసి బలపఱచి, స్థానమును లెక్కించి అమర్చుట నేర్పరికి సాధ్యమే. అయినను సరియైన ఉక్కు దొరకినంతవఱకు నేను పాతపద్ధతినే కోరుదును. ఏది చేసినను, తీసిన స్ప్రింగులను తూకమునకు వేయక, ఎడమ కుడి గుర్తులు వ్రాసిన చీటీలు కట్టి, నూనె పూసి, బండిలోనే ఒక మూల భద్రపఱుపవలెను. ముందు తరమున దానిని బాగుచేయువానికి కొలతలు తీసికొనుటకు అవియే మాతృక.