మిర్చి యార్డు దాటితే ఇంకో గుంటూరుంది

మన ఊళ్ళల్లో గుంటూరు పోతన్నామంటే మూడే పనులు: మిర్చి యార్డు, ఆస్పత్రి, కోర్టు. యార్డులో టిక్కీలు దించాక కాటా అయ్యేదాకా ఖాళీనే గదా. ఆ ఖాళీలో నేను ఊరు తిరగడం మొదలెట్టా. తిరిగితే తెలిసింది, ఈ పట్నం కళంతా మన పల్లెల్లోంచి వచ్చిందేనని.

బుర్రకథ నాజర్‌నే చూడండి. 1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టారు. పత్తి ఏకే దూదేకుల కుటుంబం. ప్రజానాట్యమండలితో కలిసి బుర్రకథను ఊరూరా వినిపించారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. జాషువాది వినుకొండ. కులం పేరుతో గుడి బయటే ఆగిపోయిన మనిషి శివుడికి కబురంపే కథే ఆయన 'గబ్బిలం'. ఆయన 1971లో గుంటూరులోనే కన్నుమూశారు.

మీరూ చూడాలంటే పగలు బౌద్ధశ్రీ మ్యూజియానికి పోండి. సాయంత్రం నాటకముంటే వేంకటేశ్వర విజ్ఞాన మందిరం. రోజంతా చేతిలో ఉంటే అమరావతి బస్సెక్కండి. అక్కడి స్తూపం చెక్కడాల్లో మంచివి చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనకు మిగిలింది దిబ్బ, కొన్ని రాళ్ళు.

రాళ్ళు పోయినా ఎక్కడున్నాయో తెలుసు. కథ చెప్పే ముసలాయన పోతే ఆ కథ ఏ మ్యూజియంలోనూ దొరకదు. మీ ఊళ్ళో అట్టాంటోళ్ళుంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చెయ్యండి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా వాళ్ళ నోటితోనే చెప్పించండి.