రాజీ కూడికలో చెయ్యి లేస్తే



అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో ఒక అద్దె ఇల్లు అనుకోండి. చిన్న హాలు. ఇటు అమ్మాయి తరపువారు, అటు అబ్బాయి తరపువారు, మధ్యలో ఇద్దరు సంఘ పెద్దలు. పావుగంటలో గొంతులు లేచాయి, ఆపై మనుషులు లేచారు. పెద్దలారా, అప్పుడు మీరేమి చేస్తారు?

అంత దూరం పోతుందా అంటారేమో. వినండి. 1999 ఏప్రిల్ 25న ఒక పెళ్ళి జరిగింది. మరునాడే ఇరుపక్షాల పెద్దలు తిట్టుకొని, ఒకరిమీద ఒకరు చెప్పులు విసురుకున్నారు. 27న ఆ జంట విడిపోయింది. ఆ తగవు మన సికింద్రాబాదు ఫామిలీ కోర్టుకు, చివరకు సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఫిబ్రవరి 22న విడాకులు మంజూరు చేస్తూ, ఇలాంటి తగవులను మొదట్లోనే మధ్యవర్తుల దగ్గరకు పంపాలని సుప్రీంకోర్టు చెప్పింది. దాదాపు పద్నాలుగేండ్లు గడిచిపోయాయి!

యాకోబును చూడండి. ఏశావు నాలుగు వందల మందితో వస్తున్నాడని విని ప్రార్థించాడు. అంతటితో ఊరుకోలేదు, తనవారిని రెండు గుంపులు చేశాడు, కానుకలు ముందు పంపాడు. జాగ్రత్తపడడం అవిశ్వాసం కాదు.

కాబట్టి కూర్చోబెట్టకముందే ఇద్దరినీ వేరువేరుగా కలవండి. "అమ్మా, ఆయన నీమీద చెయ్యి చేసుకున్నాడా? ఆయన ఎదుట మాట్లాడడానికి భయమా?" అని ఆమెను ఒంటరిగా అడగండి. అవునంటే ఎదురెదురుగా కూర్చోబెట్టవద్దు. మత్తయి 18వ అధ్యాయము చూపించి, దెబ్బలు తిన్న స్త్రీని అతనితో ఒంటరిగా మాట్లాడుకొమ్మని పంపవద్దు. 2005 నాటి గృహహింస చట్టము ఆమెకు రక్షణనిస్తుంది. సహాయానికి 181, ఉచిత న్యాయ సలహాకు 15100 నంబర్లున్నాయి.

అలాంటి భయమేమీ లేదంటే, మందిరములో నలుగురూ మసలే వేళ కూర్చోండి. పక్షానికి ఇద్దరు చాలు. తాగి వచ్చినవానిని ఆ పూటకు పంపివేయండి. బెదరిన వ్యక్తికి తలుపు దగ్గర చోటివ్వండి. గొంతు లేస్తే వేరు గదుల్లోకి మార్చండి. చెయ్యి లేస్తే కూడిక ముగిసినట్టే. బెదరినవారిని ముందు బయటికి తీసికొనిపోండి, 112కు ఫోను చేయండి.

"సంఘం గుట్టు బయటపడుతుంది" అనకండి. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టము కూడ మాటలను రహస్యంగా ఉంచమంటూనే, నేరం చేస్తానన్న బెదిరింపును, గృహహింస సంగతిని ఆ రహస్యంలో చేర్చలేదు.

ప్రియులారా, ప్రభువు ధన్యులన్నది సమాధానపరచువారిని. దెబ్బలను కప్పిపుచ్చువారిని కాదు. రేపు మీ ముందు ఇద్దరు కూర్చుంటారు. వారిద్దరూ క్షేమంగా ఇల్లు చేరడమే మీ మొదటి బాధ్యత. అట్టి వివేకమును దేవుడు మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.