కాలమైన నాడే కరువుకు సిద్ధపాటు

యోసేపు దినాలలో ఐగుప్తుకు సమృద్ధి ఏడేండ్లు, కరువు ఏడేండ్లు వరుసగా వచ్చాయి. మన దేశపు వానలకు అంత కచ్చితమైన లెక్క లేదు. 1917లో వానలు విస్తారంగా కురిశాయి. మరుసటి సంవత్సరమే ఘోరమైన కరువు. 1987లో సగటు కంటే 19 శాతం తక్కువ, 1988లో సుమారు అంతే ఎక్కువ.

అయినా దీర్ఘకాలం చూస్తే ఒక పోకడ కనిపిస్తుంది. 1921 నుండి 1964 వరకు దేశవ్యాప్త కరువులు అరుదు. 1965 నుండి 1987 వరకు అవి మాటిమాటికీ వచ్చాయి. పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు వేడెక్కడాన్ని ఎల్‌నినో అంటారు. అప్పుడు మన నైరుతి వానలు తరచు తగ్గుతాయి. 1972, 2002, 2009 కరువులు అలాంటివే. అయితే 1997లో ఎల్‌నినో బలంగా ఉన్నా దేశంలో వానలు సాధారణంగానే కురిశాయి.

ప్రియ పాఠకులారా, వచ్చే ఏడు ఎట్లుంటుందో ముందుగా కచ్చితంగా చెప్పలేం గనుక, కాలమైనప్పుడే సిద్ధపడాలి. బీర్పూర్‌లో రోళ్లవాగు నీటిని కట్ట కట్టి నిలిపినట్లే ఊరి చెరువూ వాన నీటిని నిలుపుతుంది. పూడిక తీస్తే ఎక్కువ నీరు నిలుస్తుంది, భూమిలోకి ఇంకి బావులకు, బోర్లకు చేరుతుంది. యోసేపు ధాన్యం కూర్చినది కరువులో కాదు, పంటలు పండిన ఏండ్లలోనే. మనమూ నీటిని, విత్తనాన్ని, పశువుల మేతను అట్లే దాచుకుందాం.