భుజం నొప్పికి ఏ స్కాన్?

ఉగాది అన్నదానంలో పులిహోర గంగాళం దించుతుండగా మా వంటగది బృందంలో ఒక బాబాయి గారికి భుజం కలుక్కుమంది. మర్నాటి నుంచి చెయ్యి పైకి లేవలేదు. ఎక్స్‌రే బాగుందన్నారు, ఎంఆర్‌ఐ రాశారు. డిడక్టిబుల్ లెక్క చూసి ఆయన "అదే తగ్గుతుందిలే" అని మూడు నెలలు ఊరుకున్నారు. ఆ తర్వాత మేము చదివి, మన సభ్యుల్లోని డాక్టర్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాం. మేము డాక్టర్లం కాదు, సాఫ్ట్‌వేర్ వాళ్ళం. మీ విషయంలో మీ డాక్టరు మాటే వినండి.

కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీలు టెండన్లు. భుజం కీలును నాలుగు కండరాల టెండన్లు చొక్కా కఫ్‌లా చుట్టి ఉంటాయి. ఎక్కువగా చిరిగేది పైనుండే సుప్రాస్పైనేటస్. ఎక్స్‌రేలో టెండన్ కనబడదు. అది నార్మల్ అంటే ఎముక బాగుందని మాత్రమే.

అల్ట్రాసౌండ్ అంటే కడుపుతో ఉన్నవాళ్ళకు చేసేదే. చెయ్యి కదిలిస్తూ చూడొచ్చు, రెండో భుజంతో పోల్చొచ్చు, ఖర్చు ఎంఆర్‌ఐ కంటే బాగా తక్కువ. టెండన్ పూర్తిగా చిరిగిందా అన్న ప్రశ్నకు ఇది ఎంఆర్‌ఐకి దాదాపు సమానమని 2013 కోక్రేన్ సమీక్ష తేల్చింది. సగం చిరుగులను మాత్రం ఎక్కువగా వదిలేస్తుంది. పైగా అంతా చేసేవారి చేతిలో ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "భుజం స్కాన్లు తరచుగా చేసేవారున్నారా?" అని అడగండి. విజిటర్ ఇన్సూరెన్స్ మీద వచ్చిన అమ్మానాన్నలకైతే ముందు దీని గురించి డాక్టరును అడగడం మంచిది.

ఆపరేషన్ మాట వస్తే ఎంఆర్‌ఐ కావాలి. చిరిగిన కొస ఎంత వెనక్కి పోయింది, కండరం కొవ్వుగా మారిందా అన్నది సర్జన్ అందులో చూస్తారు. కుట్టు నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు దాన్నిబట్టే. గొట్టంలో అరగంట పైనే కదలకుండా పడుకోవాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. గాజులు, మెట్టెలు, మంగళసూత్రం తీయమంటారు. తీయడానికి మనసొప్పని అమ్మలు పసుపుతాడు కట్టుకుని వెళ్ళొచ్చు.

కీలులోకి మందు ఎక్కించి తీసేది ఎంఆర్ ఆర్థ్రోగ్రామ్. అడుగువైపు సన్నని చిరుగులకు అదే మేలు, కానీ సూది, ఖర్చు రెండూ ఎక్కువే. మన క్రికెట్ కుర్రాళ్ళకు అవసరం పడొచ్చు, తాతగార్లకు అరుదు.

ఇంకో మాట. అరవై దాటిన చాలామందికి నొప్పే లేని చిరుగులుంటాయి. స్కాన్‌లో చిరుగు కనబడగానే ఆపరేషన్ అనుకోనక్కర్లేదు, చాలామందికి ఫిజియోథెరపీతో తగ్గుతుంది. కానీ పడ్డాకో, బరువెత్తాకో ఉన్నట్టుండి చెయ్యి లేవకపోతే ఆగకూడదు. ఆలస్యమైతే కొస వెనక్కి ముడుచుకుపోతుంది.

బాబాయి గారికి అల్ట్రాసౌండ్‌లో పూర్తి చిరుగు తేలింది, ఆపైన ఎంఆర్‌ఐ, ఆపరేషన్. ముందే వచ్చుంటే కుట్టడం తేలికయ్యేదన్నారు సర్జన్. ఇప్పుడు చెయ్యి స్లింగ్‌లో పెట్టుకుని కుర్చీలోంచే ఉప్పు సరిచూస్తున్నారు. ఇకపై గంగాళం దించడానికి ఇద్దరం ఉంటాం, ట్రాలీ కూడా కొన్నాం.