ఛార్జరు మారిన కలుగు ముప్పు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానపు జీడితోటలలోను, విజయనగరం జిల్లా వరిచేలలోను మందు చల్లుటకు బ్యాటరీ స్ప్రేయర్లు నేడు వాడుకలో ఉన్నవి. చేతితో పంపు కొట్టు శ్రమ తప్పినది. కాని బ్యాటరీని ఛార్జి చేయుటలో జాగ్రత్త వలయును.

ఈ బ్యాటరీలు ముఖ్యముగా రెండు రకములు. ఒకటి సీసము, గంధకికామ్లము గలది. రెండవది 1991లో విపణికి వచ్చిన లిథియం అయాన్ రకము. రెండింటిపైనను 12 వోల్టులనియే వ్రాసియుండవచ్చును. అయినను అవి ఒకటి కావు.

సామాన్యముగా ఒక్కొక్క లిథియం ఘటమును 4.2 వోల్టులకు మించి ఛార్జి చేయరాదు. మూడు ఘటములను శ్రేణిలో కలిపినచో హద్దు 12.6 వోల్టులు. సీసపు బ్యాటరీ ఛార్జరు సుమారు 14.4 వోల్టులవరకు పోవును. దానిని ఈ మూడు ఘటములును సమముగా పంచుకొనినను ఒక్కొక్కదానికి 4.8 వోల్టులు వచ్చును. బ్యాటరీలోని రక్షణ వలయము దీనిని ఆపవలెను. అది లేకున్నను, చెడినను ఘటము మిక్కిలి వేడెక్కి, లోని ద్రవము ఆవిరియై మండవచ్చును.

సీసపు బ్యాటరీకిని హద్దు కలదు. అతిగా ఛార్జి చేసిన అందలి నీరు విడిపోయి ఉదజని వాయువు వెలువడును. అది గాలిలో 4 శాతము చేరినచో నిప్పురవ్వ చాలును.

కావున యంత్రముతో వచ్చిన ఛార్జరునే వాడవలెను. ఎండలో కాగిన బ్యాటరీని నీడలో చల్లారనిచ్చి, గడ్డికి దూరముగా, గాలి ఆడుచోట గచ్చుపై నుంచి ఛార్జి చేయవలెను. ఉబ్బినదానిని మరల వాడరాదు. ప్లగ్గు సరిపోయినంత మాత్రమున ఛార్జరు సరిపోయినట్లు కాదు.