ఆర్ లోయ ద్రాక్ష రైతులు

జర్మనీ దేశంలో ద్రాక్ష తోటలు సుమారు లక్ష హెక్టారులలో ఉన్నవి. అందులో ఆర్ లోయ వాటా దాదాపు 530 హెక్టారులు, అనగా 1,300 యెకరాలు మాత్రమే. నూటికి ఒక పాలు కూడా లేని ఈ చిన్న ప్రాంతం నుండి మన రైతులు గ్రహించదగిన సంగతులు కొన్ని ఉన్నవి.

ఆర్ ఒక చిన్న నది. బాన్ నగరానికి దక్షిణంగా రైన్ నదిలో కలుస్తుంది. ఆల్టెనార్ గ్రామం మొదలుకొని దిగువకు సుమారు 25 కిలోమీటర్ల పొడవున కొండవాలులపై తోటలు కనిపిస్తవి. అంత చలిదేశంలో ఎర్ర వైనుకు తగిన నల్ల ద్రాక్ష ఎట్లా పండుతున్నదని మీకు సందేహం కలుగవచ్చును. మంచి వాలులు దక్షిణముఖంగా ఉండి ఎండను నిండుగా పొందుతవి. నేలలోని పలకరాయి పగటి వేడిని పీల్చుకొని రాత్రి విడిచిపెడుతుంది. లోయ ఇరుకైనది కావున చలిగాలి తాకిడి కూడా తక్కువ. అక్కడి ముఖ్యమైన రకం ష్పేట్‌బుర్గుండర్. ఫ్రాన్సులో దీనినే పినో న్వార్ అంటారు.

మనం ద్రాక్షకు యేటా రెండుసార్లు కత్తిరింపు చేస్తాము. అక్కడ చలికాలంలో తీగ ఆకు రాల్చి నిద్రావస్థలో ఉంటుంది. కావున ఆ కాలంలో ఒకే ముఖ్యమైన కత్తిరింపు, యేడాదికి ఒకే పంట. నిటారు వాలులపై మట్టి జారకుండా రాతిగోడలు కట్టి, మెట్లు మెట్లుగా నేలను తీర్చినారు. అక్కడికి ట్రాక్టరు ఎక్కదు. పని చాలావరకు చేతులతోనే జరగాలి.

ఇంత శ్రమకూ 19వ శతాబ్దంలో తగిన ధర లభించలేదు. పలువురు అమెరికాకు వలసపోయినారు. అప్పుడు, 1868లో, మైషోస్ గ్రామ రైతులు సహకార సంఘం స్థాపించుకొన్నారు. ద్రాక్ష రైతుల సంఘాలలో ప్రపంచంలోనే అతి పురాతనమైనదిగా దీనికి పేరు. ఇటువంటి సంఘంలో సభ్యులు పండ్లు తెచ్చి ఇస్తారు. వైను తయారీ, నిల్వ, అమ్మకం సంఘమే చూస్తుంది. చిన్న రైతు పీపాలకు, యంత్రాలకు విడిగా డబ్బు పెట్టనక్కరలేదు. ధర కోసం వర్తకుని ముందు ఒంటరిగా నిలబడనక్కరలేదు.

2021 జూలై 14వ తేదీ రాత్రి ఆర్ నదికి ఘోరమైన వరద వచ్చింది. లోయలో 130 మందికి పైగా మరణించినారు. వాలులపై తోటలు చాలావరకు నిలిచినవి. కాని ఏటి దగ్గర ఉన్న నిల్వ గదులు, పీపాలు, యంత్రాలు పాడైపోయినవి. కోతకు కొద్ది వారాలే గడువు. ఇతర ప్రాంతాల ద్రాక్ష రైతులు పనిముట్లతో సహా వచ్చి ఆదుకున్నారు. బురద అంటిన సీసాలను కడగకుండానే ‘వరద వైను’ పేరుతో ఇచ్చి, 40 లక్షల యూరోలకు పైగా సహాయనిధి కూడబెట్టినారు.

కొండపై పంట దక్కినా ఏటి ఒడ్డున సరుకు దక్కలేదు. కావున గిడ్డంగికి గాని, ఇంజను షెడ్డుకు గాని స్థలం ఎంచునప్పుడు, ఊరి పెద్దలను అడిగి పాత వరద మట్టం తెలుసుకొని, అంతకన్న మెరకలో కట్టించండి. చిన్న కమతాల వారు కలిసి అమ్ముకొనే ఏర్పాటును పంట చేతికి రాకముందే చేసుకోండి. గ్రామాధికారులు ఈ రెండు పనులలోను రైతులకు తోడ్పడగలరు.