మంచు కింద పది నిమిషాలే గడువు

డిసెంబరు సెలవులకు మనాలీ, పరీక్షలయ్యాక సిక్కిం. మన ఇళ్లలో ఇప్పుడివి మామూలు ప్రయాణాలే. ఉద్యోగాల్లో కుదురుకున్న పిల్లలైతే కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ అంటూ భుజానికి సంచి తగిలించుకుని మంచు కొండలెక్కేస్తున్నారు. బయల్దేరేటప్పుడు స్వెటర్లు సర్దుకున్నావా, మందులు పెట్టుకున్నావా అని అడుగుతాం. ‘అక్కడ రెండు రోజులుగా మంచు ఎంత కురిసింది?’ అని మాత్రం అడగం. ముందు అడగాల్సింది అదే.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా వెళ్లే దారిలో మంచు చరియ విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్లేమీ పర్వతారోహకులు కారు, మనలాగే మంచు చూద్దామని వాహనాల్లో వెళ్లినవాళ్లు. అనుమతి ఉన్న చోటు దాటి ముందుకెళ్లారని అప్పట్లో అధికారులు చెప్పారు. పోనీ శిక్షణ ఉంటే సరిపోతుందా అంటే, అంతకు ఆర్నెల్ల ముందే ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డండా శిఖరం దగ్గర చరియ కింద పడిపోయింది ఒక పర్వతారోహణ శిక్షణ బృందమే.

ఇసుక మీద పరిచిన బండ

కొండ మీద మంచు ఒకే ముద్దగా ఉండదు. కురిసినప్పుడల్లా ఒక్కో పొర పేరుకుంటుంది. మబ్బుల్లేని చలి రాత్రుల్లో లోపలి పొర పట్టు వదిలేసి, పంచదార పలుకుల్లా మారిపోతుంది. దాని మీద కొత్త మంచు పడి, గాలికి బిగుసుకుని పలకలా తయారవుతుంది. ఇక అది ఇసుక మీద పరిచిన బండే. ఒక మనిషి బరువు చాలు, ఫట్‌మని పగిలి మొత్తం జారిపోతుంది. సినిమాల్లో చూపించినట్టు కేకలు వేస్తే విరిగిపడేది కాదు. మనుషులు చిక్కుకున్న ప్రమాదాల్లో దాదాపు 90 శాతం సార్లు ఆ పలకను కదిలించింది చిక్కుకున్నవారో, వారి బృందంలోని మరొకరో.

ఇలాంటి చరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మన మేడ మెట్ల వాలు ఇంచుమించు 30 డిగ్రీలుంటుంది. అంతకన్నా నిటారుగా మంచు కప్పుకున్న కొండ కనిపిస్తే దాని మీదే కాదు, దాని కింద చదునుగా ఉన్న చోట నిలబడి ఫొటోలు దిగడమూ ప్రమాదమే. దట్టమైన అడవి మధ్యలో పాపిడి తీసినట్టు చెట్లు లేని చార కనిపిస్తే, ఇంతకుముందు చరియలు ఆ దారిన దిగి ఉండొచ్చని అనుమానించండి.

బాగా మంచు కురిసిన తర్వాతి ఒకటి రెండు రోజులు మరీ గడ్డుకాలం. చిక్కేమిటంటే, సరిగ్గా అప్పుడే ఆకాశం తేటపడి, ఎండ కాస్తుంది. హోటల్లో విసిగిపోయి కూర్చున్నవాళ్లంతా హుషారుగా బయటపడతారు.

చలి కాదు, ఊపిరాడకే

మంచులో కూరుకుపోతే చలికి ప్రాణం పోతుందనుకుంటాం. ఎక్కువమంది పోయేది ఊపిరాడక. కదులుతున్నంతసేపూ నీళ్లలా పారే మంచు, ఆగగానే సిమెంటులా గట్టిపడుతుంది. వేలు కదపడానికీ వీలుండదు. మనం వదిలిన గాలే మళ్లీ పీలుస్తాం. ఊపిరిలోని తడి ముఖం చుట్టూ గడ్డకట్టి, వచ్చే కాస్త గాలికీ అడ్డుపడుతుంది. పూర్తిగా కూరుకుపోయినవారిని పది నిమిషాల్లోపు బయటికి తీస్తే 90 శాతానికి పైగా బతుకుతున్నారని, అరగంటయ్యేసరికి అది 31 శాతానికి పడిపోతోందని స్విట్జర్లాండ్ లెక్కలు చెబుతున్నాయి. పది నిమిషాల్లో హెలికాప్టర్ రాదు. కాపాడగలిగేది పక్కనున్నవాళ్లే.

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పది మంది జవాన్లు చరియ కింద చిక్కుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత లాన్స్‌నాయక్ హనుమంతప్ప ఒక్కరే ప్రాణాలతో దొరికారు. ఆయన కూడా తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశారు. 2025 ఫిబ్రవరిలో బదరీనాథ్ దగ్గరి మాణాలో 54 మంది రోడ్డు పనివాళ్లు చిక్కుకుంటే 46 మంది బతికారు. చాలామందికి వాళ్లుంటున్న ఇనుప కంటెయినర్లే అడ్డుగోడలై కాస్త గాలి మిగిల్చాయి. ఆరుబయట నడిచేవారికి అలాంటి అడ్డు ఉండదు. అందుకే జారిపోతున్నప్పుడు, మంచు ఆగేలోపే చెయ్యి ముఖానికి అడ్డంగా తెచ్చుకోమంటారు, ముక్కు ముందు పిడికెడంత ఖాళీ కోసం.

పక్కవాళ్లు చేయాల్సింది: మనిషి చివరిసారి కనిపించిన చోటును గుర్తు పెట్టుకుని, అక్కణ్నుంచి కిందివైపు వెతకాలి. ముందుగా తల, ఛాతీ మీది మంచు తొలగించి, నోరూ ముక్కూ శుభ్రం చేయాలి. ఊపిరి లేకపోతే నోటితో గాలి ఊదుతూ సీపీఆర్ చేయాలి. ఇక్కడ గాలి ఊదడం చాలా ముఖ్యం. ఊపిరి ఉంటే పడుకోబెట్టే, కుదపకుండా తరలించాలి. చల్లబడ్డ గుండె చిన్న కుదుపుకే లయ తప్పొచ్చు. చేతులూ కాళ్లూ రుద్దొద్దు. ఒళ్లు వెచ్చబడుతుందని బ్రాందీ పట్టడం మన దగ్గర కొందరికి అలవాటు, అది మరీ చేటు. ఒళ్లు చల్లగా, కొయ్యబారి ఉందని ఆశ వదిలేయకండి. అంతగా చల్లబడ్డవారిలో కొందరు ఆసుపత్రిలో నెమ్మదిగా వెచ్చబరిచాక కోలుకున్నారు.

బుకింగ్‌కు ముందు

హిమాలయాల్లో చరియల హెచ్చరికలను డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్‌ఈ ఇస్తుంది. ప్రమాద స్థాయులు ఒకటి నుంచి ఐదు వరకు. మధ్యలోని మూడంటే పర్లేదనుకోవద్దు. ఐదో స్థాయిలో ఎవరూ గడప దాటరు. ఆల్ప్స్‌లో ఎక్కువమంది ప్రాణాలు పోయేది మూడో స్థాయి రోజుల్లోనే.

పిల్లలు ట్రెక్‌కి డబ్బు కట్టేముందు నిర్వాహకులను అడగమనండి. దారిలో చరియలు పడే వాలులున్నాయా? ఉంటే మంచు కింద మనిషి ఆచూకీ చెప్పే ట్రాన్సీవర్, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఒక్కొక్కరికీ ఇస్తారా? వాటిని వాడటం నేర్పిస్తారా? మంచు ఎక్కువైతే వెనక్కి తిప్పుతారా, అప్పుడు డబ్బు సంగతేంటి? ఈ చివరి ప్రశ్నకు ముందే జవాబు లేకపోతే, కట్టిన సొమ్ము పోతుందనే ఇబ్బందితోనే చాలామంది ముందుకెళ్లిపోతారు.

కొలరాడోలోనో, యూటాలోనో ఉన్న మీ అబ్బాయి వారాంతంలో ‘బ్యాక్‌కంట్రీ’కి వెళ్తున్నానంటే, స్కీ రిసార్టు హద్దు దాటి, ఎవరూ కాపలా కాయని కొండకు వెళ్తున్నాడని అర్థం. ఆ రోజు ప్రమాద స్థాయి అవలాంచ్ డాట్ ఆర్గ్‌లో మీకూ కనిపిస్తుంది. ఫోన్ చేసినప్పుడు అదెంతో మీరే చెప్పి, వెంట ఎవరెళ్తున్నారో అడగండి.